పైకమునకై కళాశాల మారు ఆటకాండ్రు

ఆట నేర్పిన బడిని విడిచి, ఎక్కువ యిచ్చెడు కళాశాలకు పోయిన పిల్లవానిని మన పెద్దలు "అమ్ముడుపోయినాడు" అని యొక్కమాటలో తేల్చివేయుచున్నారు. ఆ మాట యనువారు ఊరి మేలు కోరువారే, క్రీడలయందు ప్రీతి గలవారే. అయినను ఆ తీర్పు న్యాయము గాదని మేము తలంచుచున్నాము. అమ్ముడుపోయినాడను నిందలో కొన్నవాని పేరు లేదు, బేరము కుదిర్చినవాని పేరు లేదు. అంతకుముందు ఆ బిడ్డ యేమి తిని యే నేలమీద ఆడెనో యను ప్రశ్నయు లేదు. భారమంతయు పదునెనిమిదేండ్ల బిడ్డ నెత్తిమీదనే పడుచున్నది. పైకమునకై విద్యాలయము మారుట పాపము గాదు. ఆ పైకము చాటుమాటున చేతులు మారుట, పెంచిన బడికి పైసయైన చేరకుండుట, కాలు విఱిగిననాడు చదువు నిలిచిపోవుట, ఇవి పాపములు. ఈ సంగతినే యిచ్చట నిరూపింపదలచితిమి.

ముందుగా దూరదేశపు వృత్తాంతము నొకదానిని చూతము. అమెరికాలో కళాశాలల క్రీడలను శాసించు ఎన్.సి.ఏ.ఏ. అను సంఘము, ఆటగాడు తన చదువునకగు వ్యయము తప్ప మఱేమియు గైకొనరాదని చిరకాలము పట్టుబట్టినది. కాని 2021 జూలై 1 నుండి, ఆటగాడు తన పేరును రూపమును ప్రకటనల కిచ్చి ధనము గడించుకొనవచ్చునని యొప్పుకొనవలసివచ్చినది. 2024 ఏప్రిలులో, చదువున వెనుకబడని విద్యార్థి యెన్నిమారులు కళాశాల మారినను వెంటనే ఆడవచ్చునని నియమమును సడలించినది. 2025 జూన్‌లో న్యాయస్థాన మంగీకరించిన యొక రాజీవలన కళాశాలలే తమ యాదాయమునుండి ఆటకాండ్రకు నేరుగా నీయ మొదలిడినవి. 2025–26 సంవత్సరమునకు ఒక్కొక్క విద్యాలయము ఇట్లీయదగిన మొత్తము సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లని పరిమితి యేర్పడినది. మంచుమీద ఆడు హాకీయందు మార్పు మఱియు స్పష్టము. కెనడా దేశపు మేజర్ జూనియర్ జట్లలో ఆడినవారు వృత్తిక్రీడాకారులని అంతకుముందు వెలివేయబడుచుండిరి. 2025 ఆగస్టు 1 నుండి వారికిని అమెరికా కళాశాలల తలుపులు తెఱవబడినవి. వెంటనే పిల్లలు అటునుండి యిటు తరలిరి.

అచ్చటను "క్రీడాధర్మము నశించినది, కళాశాలలు సంతలైనవి" అని వాపోవువారు గలరు. వారి వగపులో కొంత సత్యము లేకపోలేదు. కాని యొక భేదమును చదువరులు గమనింపవలెను. అచ్చట ప్రతి మార్పును న్యాయస్థానమునందు వాదింపబడి, కాగితముపై వ్రాయబడి, లోకమునకు వెల్లడియైనది. మనదేశమున పైకము పనిచేయుటలేదా? చేయుచున్నది. వ్రాతమాత్రము లేదు.

మన తెలుగుసీమలో నిది క్రొత్త సంగతి యనుకొనుట పొరపాటు. హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్రను తలచుకొందము. భారతజట్టునకు శిక్షకుడై 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమును, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణమును దెచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీంగారు మొదట బడిపంతులు. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టువారు పోలీసు కొలువున నున్నవారు. కొలువనగా నెల తిరుగగానే చేతికి వచ్చు జీతమే గదా! ఆ కొలువే లేనిచో ఎందరు పేదపిల్లలు తమ యౌవనమునంతయు మైదానమునకు ధారవోయగలిగియుందురు? ఆ మహాజట్టును సయితము నిలిపినది ఆటయందలి ప్రేమ యొక్కటియే గాదు, నెలజీతమును గూడ.

కలకత్తా పిలుపు మఱియొకటి. సికిందరాబాదు ప్రాంతపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బునకు పోయెను. ఆయన యొక్కడే కాదు; హైదరాబాదు మైదానములలో తయారైనవారు పెక్కురు ఆ నగరపు క్లబ్బులకు తరలిరి. సంతోష్ ట్రోఫీ చివరిసారిగా తెలుగుగడ్డకు వచ్చినది 1965లో, మరల రాలేదు. కలకత్తా సొమ్ము ఒక్కటే దానికి కారణమని మే మనము. కాని యొక ప్రశ్న యడుగుదుము. హైదరాబాదు పాఠశాలల మైదానములలో తయారైన ఆటగాని కీర్తి కలకత్తాకు పోయినప్పుడు, ఆ మైదానములకు కలకత్తానుండి యేమి వచ్చినది? బంతియైన వచ్చినదా? "సొమ్మొకనిది సోకొకనిది" యను సామెత యిట్టివారిని జూచియే పుట్టియుండును.

ఇక హాకీ. 1976 మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలనుండి ఆ యాట పచ్చికను విడిచి కృత్రిమపు తివాసీ నెక్కినది. ఆ తివాసీ పఱచుటకు కోట్లు వ్యయమగును. నాటినుండి మట్టినేలమీద నేర్చిన పల్లెబిడ్డ పైకి రాదలచినచో ఊరు విడువక తప్పనిస్థితి యేర్పడినది. ఒడిశాలో పాన్‌పోష్ వంటి క్రీడావసతిగృహములు పల్లెపిల్లలను చేర్చుకొని కూడు, గుడ్డ, చదువు, శిక్షణ సమకూర్చుచున్నవి. ఆ సౌకర్యము లేనిచోట పిల్లలు సౌకర్యమును వెదకుకొనుచు పోవుదురు. హైదరాబాదువాడైన నందనూరి ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్ క్రీడలు మూడింటను ఆడినవాడు. ఆయనకు అన్నముపెట్టినది ఇండియన్ ఎయిర్‌లైన్స్ కొలువు. చిత్తూరు జిల్లానుండి వచ్చి భారతజట్టునకు గోలు కాచిన ఏతిమర్పు రజని రైల్వేజట్టున నిలిచినది. మా నిజామాబాదు ఆడపడుచు యెండల సౌందర్య భారతజట్టున ఆడినది. మా జిల్లా తండాలో పుట్టిన ఫుట్‌బాలు క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య కేరళపు గోకులం క్లబ్బునకును, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌నకును, పిమ్మట కోల్‌కతా ఈస్ట్ బెంగాల్‌నకును పోయి ఆడినది. వీరిలో నెవరిని మనము అమ్ముడుపోయినవారని యనగలము? గెలిచి వచ్చినపుడు పూలదండలు వేసితిమి. గెలువక మునుపు కదలిన పిల్లను మాత్రము దూషించుచున్నాము. దోషము కదలుటయందే యున్నచో గెలుపు దానిని కడుగజాలదు. కదలుటయందు దోషము లేనిచో ఓటమి దానిని తెచ్చిపెట్టజాలదు.

"ఆట ఆటకొఱకే ఆడవలెను, పైకము సోకగానే ఆట మైలపడును" అని యొకవాదము గలదు. వినుటకిది నిష్కామకర్మవలె నింపుగానుండును. కాని ఆ నిష్కామత యెవరికి విధింపబడుచున్నదో చూడుడు. పోటీ నడుపు అధికారికి జీతము గలదు. తివాసీ పఱచిన గుత్తదారునకు బిల్లు గలదు. గెలిచిన జట్టు ఛాయాచిత్రమును పత్రికలో వేసికొని మఱుసటి యేడు విద్యార్థుల నాకర్షించు కళాశాలకు లాభము గలదు. చెమటోడ్చిన బిడ్డయొక్కనికే ఫలాపేక్ష కూడదట! ఇంగ్లండున నీ వాదపు మూలము బయటపడినది. అచ్చటి ఉత్తరప్రాంతపు గనులలోను మిల్లులలోను పనిచేయువారు రగ్బీ ఆడుటకై పోగొట్టుకొన్న దినకూలినైన నీయవలెనని యడుగగా, పెద్దమనుష్యుల సంఘము త్రోసివేసినది. అందుచేత 1895లో హడర్స్‌ఫీల్డు పట్టణమున ఉత్తరపు క్లబ్బులు విడిపోయి వేఱు సంఘము పెట్టుకొన్నవి. కూలి పోయినను బాధలేనివాడే ఆడవలెనను నియమము ఆటను పవిత్రము చేయలేదు. పేదవానిని వెలుపల నిలిపినది. అది కడుపు నిండిన బేరము.

మా ప్రాంతపువారికి సుబోధకమగు నొక పోలిక చెప్పెదము. వర్ని, బోధను ప్రాంతములు నిజాంసాగరు కాలువ నీటిమీద చెరకు పండించిన నేలలు. బోధనులో 1937లో స్థాపితమై, ఒకప్పుడు ఆసియాఖండమునకే పెద్దదని పేరొందిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరున మూతపడినది. ఒక కర్మాగారమునకు కేటాయించిన ప్రాంతపు చెరకు దానికే చేరవలెనను నియమము చిరకాలముగా నున్నదే. అయినను కర్మాగారము మూసినపిమ్మట మా రైతు బండి కట్టి దూరపు గానుగలకు చెరకు తోలినపుడు, "వీడు ఊరిగానుగకు ద్రోహము చేసెను" అని యెవరైన ననిరా? అనలేదు. కొనువాడు లేనిచోట నిలిచియుండుమనుట ధర్మము గాదని యెల్లరకు తెలియును.

పోలిక యంతటితో ముగియదు. 1966 నాటి చెరకు నియంత్రణపు టుత్తరువు ప్రకారము, చెరకు చేరిన 14 దినములలో రైతునకు సొమ్ము చెల్లింపవలెను. ఆలస్యమైనచో ఏటికి నూటికి 15 వంతున వడ్డీ యీయవలెను. 2025–26 సీజనునకు, 10.25 శాతము చక్కెర దిగుబడికి, క్వింటాలు కనీసధర 355 రూపాయలని కేంద్రప్రభుత్వము ముందుగనే చాటినది. కాటా గలదు, రసీదు గలదు, గడువు గలదు. ఈ చట్టము రైతునకు ప్రతిసారియు పూర్తి న్యాయము చేసినదని మేము చెప్పుటలేదు. బకాయిలకై రోడ్డెక్కిన రైతులను చూచియున్నాము. కాని అన్యాయము జరిగినప్పుడు చూపుటకు చేతిలో నొక కాగితమైనను గలదు. కళాశాల మారు ఆటగానికి కాటా లేదు, రసీదు లేదు, గడువు లేదు. మనదేశమున చెరకుగడకున్న రక్షణ ఆటలాడు బిడ్డకు లేదు. దీనికి మనము సిగ్గుపడవలదా?

ఈ బేరము నడుచు తీరును ఎఱిగినంతవఱకు వివరించెదము. జిల్లాపోటీలో నొక పిల్ల చక్కగా ఆడును. ఆ సాయంకాలమే మధ్యవర్తి యొకడు తండ్రిని కలిసికొనును. ఫీజు లేదనును, వసతి యుచితమనును, చేతి ఖర్చున కింత యనును, "తరువాత కొలువు మేము చూచుకొందు" మనును. అన్నియు నోటిమాటలే. పిల్ల చదువదలచినది యొకటి, చేర్పింపబడునది మఱియొకటి; ఏలయన ఆటకు సమయము చిక్కవలెనట! పోటీ సర్టిఫికెట్లు కళాశాల బీరువాలోనే యుండును. ఒకయేడు గడచును. మోకాటి లోపలి బంధము తెగును. మఱుసటి యేడు ఫీజు కట్టుమని చీటి వచ్చును. కట్టలేక వెళ్లిపోదమన్న, టి.సి. యిచ్చుటకు బాకీ తీర్చుమందురు. ఇట్లు చిక్కుపడిన పిల్లలను మే మెఱుగుదుము. వారిలో నొక్కరైనను "పైకమునకాశపడితిని" అని యేడువలేదు; "కాగితము వ్రాయించుకొనకపోతిమి" అని యేడ్చిరి.

ఈ పోటీ తగ్గునది గాదు, పెరుగునదే. అంతర్విశ్వవిద్యాలయ క్రీడలలో సర్వప్రథమముగా నిలిచిన విద్యాలయమున కిచ్చు మౌలానా అబుల్ కలాం ఆజాద్ ట్రోఫీ 2024 సంవత్సరమునకు చండీగఢ్ విశ్వవిద్యాలయమునకు దక్కినది. ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయమునకు దక్కుట అదియే మొదలు. ఫీజుల మినహాయింపుతో ఆటకాండ్రను పిలుచుచున్నామని ప్రైవేటు విద్యాలయములు బాహాటముగానే ప్రకటించుకొనుచున్నవి. బాహాటముగా పిలుచుట మాకు సమ్మతమే. వేలము కూడ చాటుబేరముకంటె మేలు. 2024లో హాకీ ఇండియా లీగు వేలమున హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలకును, స్త్రీలలో ఉదిత 32 లక్షలకును పోయినట్లు దేశమంతయు నెఱుగును. స్త్రీ పురుషుల వెలలలోని యంతరమును బహిరంగముగనే చూడగలిగితిమి, విమర్శింపగలిగితిమి. అయితే బాహాటమైనంతమాత్రమున సర్వము సరియని కాదు. ఆ లీగున హైదరాబాదు తూఫాన్స్ అను జట్టు 2025 ఫిబ్రవరిలో తుదిపోరువఱకు వెళ్లినది. కాని ఆ యేటి ఆటలన్నియు రూర్కెలా, రాంచీ పట్టణములలోనే జరిగినవి. హైదరాబాదు పేరు పెట్టుకొన్న జట్టు ఒక్క ఆటయైనను హైదరాబాదున ఆడలేదు. పేరు మనది, మైదానము మఱియొకరిది. ఊరిపిల్ల చూచి నేర్చుకొనుట యెట్లు?

ఇక కృతజ్ఞతను గూర్చి. "నేర్పిన గురువును, బడిని మఱచిపోవచ్చునా?" అని యడుగుదురు. మఱువరాదు. మేమును పంతులుల మగుటచే ఈ బాధ మాకు తెలియును. ఎండలో నిలిచి, స్వంతసొమ్ముతో కఱ్ఱలు కొని, పిల్లలను పోటీలకు తీసికొనిపోయిన వ్యాయామోపాధ్యాయునకు, ఆ పిల్ల వెడలిపోయిననాడు మిగులునది శూన్యమే. ఈ ఋణము నిజమైనదే. కాని ఋణస్థులెవరు? పదునాఱేండ్ల పిల్లయా? కాదు, తయారైన యాటను ఖర్చులేక పొందిన కళాశాల. ప్రపంచ ఫుట్‌బాలు సంఘము ఈ సంగతిని గుర్తించి 2001నుండి యొక నియమమును నడుపుచున్నది. ఆటగాడు దేశము మారునపుడు చెల్లించు మూల్యమునుండి నూటికి 5 వంతులు, వానిని 12వ యేటనుండి 23వ యేటివఱకు పెంచిన క్లబ్బులకు పంచవలెను. ఎంత చక్కని యూహ! ఆటగాని కాళ్లకు సంకెల వేయక, పెంచినవాని చేతిని రిక్తముగా విడువక, రెండువైపుల న్యాయము నిలుపుచున్నది. ఈ పద్ధతిని మన కళాశాలల కేల వర్తింపజేయరాదు? పోటీలకై యొక పిల్లను చేర్చుకొన్న కళాశాల, ఆమెను పెంచిన పల్లెబడికి ఏటేట కొన్ని హాకీకఱ్ఱలును బంతులును పంపినచో దానికి దారిద్ర్యము ప్రాప్తించునా?

ప్రభుత్వములకును ఒక మాట. 2022 మే నెలలో మా నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ ఇస్తాంబులు నగరమున ప్రపంచ బాక్సింగు స్వర్ణము గెలిచినది. తెలంగాణ ప్రభుత్వము ఆమెకు రెండుకోట్ల రూపాయలను, ఇంటిస్థలమును ప్రకటించినది. 2024లో పోలీసుశాఖయందు డి.ఎస్.పి. పదవి నొసగినది. ఆమె సర్వవిధముల నర్హురాలు. ఆ గౌరవము మా జిల్లాకే గౌరవము. కాని చెట్టు కాచినపిమ్మట పందిరి వేయుటతో పాటు, మొలకకు నీరుపోయుటయు రాజధర్మమే. గెలిచినవారికి కోట్లును, గెలువబోవువారికి నోటిమాటలును మిగిలినంతకాలము, ఆ నడుమనున్న యేండ్లలో మధ్యవర్తియే బిడ్డలకు దాతగా కనబడుచుండును.

గృహములను నడుపు సోదరీమణులకును, తల్లిదండ్రులకును మా విన్నపము ప్రత్యేకము. మీ బిడ్డ ఆటను మెచ్చి యెవరైన మీ యింటికి వచ్చినచో వారిని తరిమివేయవలదు, కూర్చుండబెట్టి అడుగుడు. చదువు ఏది? బిడ్డ కోరినదేనా? గాయమైనచో వైద్యము ఎవరిది? గాయమైనపిమ్మట చదువు ముగియువఱకు ఫీజు ఎవరిది? వెళ్లిపోదలచినచో టి.సి.యు సర్టిఫికెట్లును వెంటనే యిత్తురా? ఇవి తెలుగున వ్రాసి సంతకము చేయుదురా? ఈ ప్రశ్నలకు నవ్వి తప్పించుకొనువాడు ఎంత సొమ్ము చూపినను తలుపు వేయుడు. వ్రాసి యిచ్చువాడు కొంచెము తక్కువ చూపినను ఆలోచింపుడు.

మఱియొక మాట సంకోచింపక చెప్పవలసియున్నది. ఆడపిల్ల ఆటవలన వచ్చిన పైకము అనేక గృహములలో ఆమె పెండ్లికని దాచబడుచున్నది, లేదా అన్న చదువునకు వెచ్చింపబడుచున్నది. ఆమె చెమటతో వచ్చినది ఆమె కట్నముగా మారుటకంటె విపరీతము గలదా? ఆ ధనము బిడ్డపేరిట ఖాతాలోనే పడవలెను. కళాశాల మారవలెనా వలదా యను నిర్ణయమునందు మొదటి మాటయు ఆమెదే కావలెను. తండ్రికి చెప్పి బిడ్డకు చెప్పని బేరము, ఎంత ధర పలికినను, బేరము గాదు; బిడ్డను తూకము వేయుట.

కావున మేము కోరునవి స్వల్పములు. కళాశాల ఆటకాండ్ర కీయబూనినదంతయు వ్రాతపూర్వకముగ నుండవలెను, చదువు ముగియువఱకు, గాయమైనను, ఆ మాట చెల్లవలెను, పెంచిన బడికి కొంతభాగము చేరవలెను, టి.సి. బందెకట్ల కొయ్య కారాదు. విశ్వవిద్యాలయములు సంకల్పించినచో ఒక్క సుగ్రీవాజ్ఞతో జరుగదగిన పనులివి. ఇవి జరుగనంతకాలము ఊరు విడిచిన పిల్లను నిందించు నోళ్లు తమ నిందను కొంచెము ప్రక్కకు త్రిప్పవలెను. వచ్చే వర్షాకాలమున మా బోధను బస్సుస్టాండులో పెట్టె పట్టుకొని, చేతిసంచిలో హాకీకఱ్ఱతో నిలువబోవు బిడ్డను "అమ్ముడుపోతివా?" అని యడుగకుడు. "కాగితము వ్రాయించుకొంటివా, తల్లీ?" అని యడుగుడు.